నలభయ్యో రోజు గోధుమలు

మా తాత ప్రోకిప్ గురించి మా చర్చివాళ్ళలో ఎవరిని కదిపినా మంచే చెబుతారు. పోయినవాళ్ళ గురించి అందరూ మంచే చెబుతారు కదా, అందులో ఏముంది అనుకోవచ్చు. ఆయన బతికుండగా కూడా చెప్పేవాళ్ళు, అదీ ఆయన మొహం మీదే. ఆయన టోపీ కళ్ళ మీదికి లాక్కుని, "సర్లే, ఇంతకీ ట్రాక్టర్ కావాలా, నేను కావాలా?" అనేవాడు. చాలాసార్లు రెండూ కావలసి ఉండేవి.

విత్తనం వేసే రోజుల్లో నేల మీద గుడ్లు పెట్టిన పిట్ట కనిపిస్తే మిషన్‌ని దాని చుట్టూ తిప్పి తీసుకెళ్ళేవాడు. పంట మొలిచాక చూస్తే మా పొలంలో అక్కడక్కడా బోడి మచ్చలుండేవి. పక్క పొలం రైతు లాడీ రోడ్డు మీద ట్రక్కు ఆపి మరీ ఎగతాళి చేసేవాడు. "ఏం ప్రోకిప్, నీ పొలానికి తామరొచ్చిందా?" "లేదురా, పిట్టల కాపురాలకిచ్చాను," అనేవాడు తాత. ఎండిన కంకి నలిపి, గింజ పంటి కింద కొరికి, ఆ చప్పుడు విని కోతకి రోజు చెప్పేవాడు. వడగళ్ళు పడి సగం పంట నేలపాలైన ఏడు కూడా ఆకాశాన్ని తిట్టలేదు. ఆ తిట్లు నేనే తిట్టాను. నాకు నోరెక్కువని మా వాళ్ళందరికీ తెలుసు, నేనూ కాదనను.

ఆయనకి కోపమొచ్చేది ఒకే ఒక్క విషయంలో. విత్తే ముందు గోధుమలకి పురుగూ బూజూ పట్టకుండా మందు పట్టిస్తాం. ఎవరూ పొరపాటున తినకుండా ఆ మందులోనే గులాబీ రంగు కలిపి ఉంటుంది. ఆ రంగు గింజ ఒక్కటి కనబడినా మా ఇంట్లో పెద్ద రాద్ధాంతం అయ్యేది. మా ఒరెస్ట్ బాబాయి నాలుగేళ్ళప్పుడు ఆ విత్తనాల కుప్పలో కూర్చుని ఆడుకున్నాడట. తాత వాణ్ణి పెరట్లోనే బట్టలిప్పించి, ఒళ్ళు కందిపోయేలా రుద్ది కడిగి, ఆ బట్టలు తగలబెట్టి, తర్వాత కొట్టం వెనక్కి పోయి కూర్చుని ఏడ్చాడట. ఇది బాబాయి చెప్పిందే. తాగినప్పుడల్లా చెబుతాడు.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుని కాల్గరీ సిటీకి వెళ్ళేటప్పుడు నేను రానని రేకు గాదె ఎక్కి కూర్చున్నాను. ఎంత పిలిచినా దిగలేదు. చివరికి తాత వచ్చి, "అది కోడి కాదు, దాని ఇష్టమొచ్చినప్పుడు దిగుతుంది, మీరు బయల్దేరండి," అని వాళ్ళని పంపేశాడు. అప్పటినుంచి ఆయన వెనకాలే పెరిగాను. ఆయన పక్కనే ట్రాక్టర్ నేర్చుకున్నాను, పెద్దయ్యాక అదే పెరట్లో చిన్న ట్రైలర్ ఇల్లు వేసుకుని ఆయనతోనే సేద్యం చేశాను. నాకు వేరే పని రాదు. వేరే పని చెయ్యాలని కూడా లేదు.

మొన్న మే నెలలో వానకి విత్తనం ఆగిపోయిన వారం తాత నన్ను వెంటబెట్టుకుని టౌన్లో లాయర్ దగ్గరికి వెళ్ళాడు. ఇంటి చుట్టూ ఉన్న పొలమంతా నా పేర రాసేశాడు. ఆగస్టులో, గోధుమలు రంగు తిరుగుతుండగా, ట్రాక్టర్ టైరుకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పంట అలాగే నిలబడి ఉంది. అది పండగానే లాడీ వాళ్ళూ, ఇంకా చుట్టుపక్కల వాళ్ళూ తమ కోతలు ఆపుకుని కోత మిషన్లు తోలుకొచ్చి ఒక్క రోజులో మా పొలం కోసిపెట్టారు. రైతు పోతే మా వైపు అంతే, ఎవరూ ఎవరినీ పిలవరు.

అంతకుముందు, సమాధి చేసిన రోజే, అక్కణ్ణించి వచ్చి భోజనాలకి కూర్చున్నామో లేదో, బాబాయి మొదలుపెట్టాడు. ఆయన సస్కటూన్‌ సిటీలో ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారం చేస్తాడు. మా నేల కావాలని ఒక పెద్ద సేద్యం కంపెనీ ఆయన చుట్టూ తిరుగుతోందని ఊరందరికీ తెలుసు.

"నాన్నకి మేలో మతి సరిగ్గా లేదు," అన్నాడు. "లేనివాడి చేత సంతకం పెట్టించుకుంటే అది చెల్లదు. కోర్టుకి పోతాను."

"మతి లేనివాడు మొత్తం పొలానికి విత్తనం వేశాడా?" అన్నాను. "నువ్వు రెండు కుండీలకి వేసి చూపించు బాబాయ్."

"నీ నోటికి భయపడేవాళ్ళు వేరే ఉన్నారు దార్కా."

"ఒరేయ్," అంది మా నానమ్మ డోకియా. ఆమెకి చూపు మధ్యలో మసక, ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ చెవి వైపు చూస్తుంది. "ఆయనతో ఒకే పళ్ళెంలో తిన్నదాన్ని నేను. ఆయన బుర్ర చివరి రోజు దాకా పాదరసం. ఇంకోమాట ఎత్తావంటే నా గుమ్మం తొక్కకు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా తలూపారు. బాబాయి వైపు మాట్లాడేవాడు ఒక్కడు లేడు. నలభయ్యో రోజు ప్రార్థన అయ్యేదాకా, అదీ వాళ్ళమ్మ కోసం, ఆగుతానన్నాడు. ఆ తర్వాత సాక్షుల్ని వెతుక్కుంటానన్నాడు. వెతుక్కోమన్నాను. నాకు నిజంగానే భయం లేదు, ఎందుకంటే నేను రోజూ ఆయన పక్కనే ఉన్నాను, ఆయన చేతుల్లో ఒక్క పని తప్పు పోలేదు.

నలభయ్యో రోజుకి పోయినవాడి పేర గోధుమలు ఉడికించి, తేనె, నల్ల గసగసాలు కలిపి చర్చికి తీసుకెళ్ళాలి. దాన్ని కోలివో అంటాం. ప్రార్థన అయ్యాక వచ్చిన ప్రతివాళ్ళూ ఒక చెంచా తినాలి. పోయినవాడు రైతయితే ఆ గోధుమలు ఆయన పండించినవే కావాలి, కొన్నవి పనికిరావు. తాత ప్రతి ఏడూ శుభ్రమైన గింజలు ఏరి, తెల్ల గుడ్డ సంచిలో పోసి, మూతి కట్టి బయటి వంటింట్లో మేకుకి తగిలించేవాడు. క్రిస్మస్‌కీ, ఇలాంటి ప్రార్థనలకీ వాడేది ఆ సంచిలోవే.

"కొత్త పంటలోంచి తీసుకొస్తానే," అన్నాను నేను.

"అది లాడీ వాళ్ళు కోసింది. ఆయన చేత్తో కట్టిన సంచి ఉంది, మేకుకి," అంది నానమ్మ. "అవే వండుతాను. నువ్వు నీ పని చూసుకో."

లాడీ వాళ్ళ కోత ఇంకా మిగిలి ఉంది. మాకు సాయం చేసినవాళ్ళకి తిరిగి చెయ్యకపోతే ఎలా, శనివారమంతా వాళ్ళ పొలంలోనే ఉన్నాను. నానమ్మ ఆ మసక చూపుతోనే ఒక్కతే గోధుమలు నానేసి, కడిగి, ఉడికించుకుంది. ఆదివారం పొద్దున వచ్చేసరికి పెద్ద గాజు గిన్నెలో కోలివో సిద్ధంగా ఉంది, గసగసాలూ తేనే పట్టి గింజ రంగే కనపడకుండా, పైన ఎండుద్రాక్షతో శిలువ గుర్తు. తేనె వాసన ఇల్లంతా ఉంది. మేమెవరం రుచి చూడలేదు, ఆరాధన అయ్యేదాకా ఉపవాసం.

ఆ రోజు చర్చి నిండిపోయింది. ఆరాధన అయి, తాత పేర ప్రార్థన మొదలవబోతుండగా నానమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"కొవ్వొత్తి గ్లాసు మర్చిపోయానే. కింద నా బుట్టలో సంచి ఉంది. గ్లాసులో గోధుమలు పోసి, కొవ్వొత్తి గుచ్చి తే. పరిగెత్తు."

చర్చి కింది హాల్లో వంటగది ఉంది. నానమ్మతో చనువున్న స్టెఫ్కా పిన్ని ఒక్కతే స్టవ్‌ల దగ్గర నిలబడి భోజనాలు వేడి చేస్తోంది. నేను బుట్టలోంచి సంచి తీసి గ్లాసులోకి వంచాను. గింజలన్నీ గులాబీ రంగులో జలజలా పడ్డాయి.

నాకు మొదట అర్థం కాలేదు. కిటికీ రంగు అద్దాల్లోంచి వెలుతురు పడిందేమో అనుకున్నాను. కింది హాలుకి రంగు అద్దాలు లేవు. వేళ్ళతో నలిపితే వేళ్ళకి రంగంటింది.

"ఏంటే, కొవ్వొత్తి కోసం వచ్చి కొయ్యలా నిలబడ్డావు?" అని స్టెఫ్కా పిన్ని దగ్గరికొచ్చింది. గ్లాసులోకి చూసింది. ఆమె కూడా రైతు పెళ్ళామే, చెప్పక్కర్లేదు.

"పైనున్న గిన్నెలోవి ఇవేనా?" అంది గొంతు తగ్గించి.

"ఇవే."

"డోకియా నోట్లో వేసుకుందా?"

"లేదు. ఉపవాసం."

పిన్ని శిలువ గుర్తు వేసుకుని కుర్చీలో కూలబడింది. సంచి లాక్కుని చూసింది. నానమ్మ ముడి విప్పలేక దాని కింద సంచికి పక్కన కత్తిరించి కన్నం చేసింది, ముడి అలాగే ఉంది. తాతది ఎడమ చెయ్యి వాటం. ఆయన కట్టిన ముడి ఇంకెవరికీ పడదు, ఇంకెవరూ విప్పలేరు కూడా. ఊళ్ళో సగం మంది దాని మీద తిట్టుకున్నవాళ్ళే.

"ప్రోకిప్ ముడే," అంది పిన్ని.

మందు పట్టించిన విత్తనం ఏడాదికొక్కసారే, మేలో, మా ఇంట్లో ఉంటుంది. మిగిలిన కాస్తా తాతే తీసుకుపోయి ఏం చెయ్యాలో అది చేస్తాడు. ఈసారి దాన్ని శుభ్రంగా ఏరి, తినే గోధుమల సంచిలో పోసి, మూతి కట్టి, వంటింట్లో తగిలించాడు. నాలుగేళ్ళ కొడుకు ఒంటిమీద రంగు చూసి ఏడ్చిన మనిషి. అదే నెలలో నన్ను లాయర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. బాబాయి చెప్పింది నిజం. నాకు తెలియలేదు, కానీ నిజం.

పైనుంచి పాట మొదలైంది. స్టెఫ్కా పిన్ని నాకంటే ముందు తేరుకుంది.

"విను. చివర్లో నిత్యస్మృతి పాటకి గిన్నె నువ్వూ, డోకియా, ఒరెస్ట్ ఎత్తుతారు కదా. ఎత్తినప్పుడు జారవిడిచెయ్. అపశకునమని ముసలాళ్ళు కొన్నాళ్ళు గొణుక్కుంటారు, గొణుక్కోనీ. ఎవరి కడుపులోకీ ఒక్క గింజ పోదు. సంచి నేను పొయ్యిలో పడేస్తాను. నేల నీకే ఉంటుంది, ప్రోకిప్ పేరూ ఉంటుంది."

"నానమ్మకి?"

"దానికి ఎందుకు చెప్పడం. పో."

పోయాను. మెట్లెక్కుతున్నంతసేపూ నా పొలం కళ్ళ ముందు కదిలింది. ఉత్తరం వైపు గుంటలో బాతులు దిగే చోటు, రాళ్ళేరి పోసిన గట్టు, అన్నీ. ఎవరో కంపెనీవాడు గుంట పూడ్చి ఆ గట్టుని ఒక్క పూటలో తోసేస్తాడు. గిన్నె వదిలేస్తే చాలు. తప్పేముంది అందులో అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

నానమ్మ నా చేతిలో గ్లాసు లేదని గమనించలేదు. ఫాదర్ గారు సైగ చేశారు. నానమ్మ మధ్యలో, బాబాయి అటు, నేను ఇటు, గిన్నె ఎత్తి పట్టుకున్నాం. వెనకున్నవాళ్ళు మా భుజాల మీద చేతులు వేశారు, వాళ్ళ భుజాల మీద వాళ్ళ వెనకవాళ్ళు, అలా చర్చి చివరి దాకా. "నిత్యస్మృతి, నిత్యస్మృతి" అని పాడుతూ గిన్నెని మెల్లగా ఊపుతున్నారు. మా లాడీ గొంతు బొంగురుపోయింది. నేను వేళ్ళు వదిలేశాను.

గిన్నె ఒక పక్కకి ఒరిగింది. బాబాయి ఒక్క ఉదుటున వంగి, రెండు చేతులూ కిందికి పెట్టి, గుండెకి అదుముకుని పట్టుకున్నాడు. తేనె ఆయన కోటంతా పూసుకుపోయింది.

"పట్టుకున్నాలే," అన్నాడు నాతో, మెల్లగా. "నాన్నది పడనిస్తానా." ఆ మాట నిజంగా ప్రేమగా అన్నాడు. ఇన్నాళ్ళలో నాతో ప్రేమగా అన్న మొదటి మాట అదే, అదీ అప్పుడే అనాలా!

గిన్నె బల్ల మీద పెట్టారు. మొదటి చెంచా భార్యది. అప్పటికే పిల్లలు వరసలోకి వచ్చేశారు, లాడీ మనవరాలు చెంచా పట్టుకుని ముందు నిలబడింది. నానమ్మ చెంచాతో తీసుకుని, శిలువ గుర్తు వేసుకుని, నోటి దగ్గరికి తెచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టి లాగాను. చెంచా ఎగిరి ఫాదర్ గారి కాళ్ళ దగ్గర పడింది.

"ఎవరూ తినకండి," అన్నాను. "అవి మందు గోధుమలు. విత్తనాలవి."

లాడీ ముందుకొచ్చి మనవరాలి చేతిలో చెంచా తీసేసుకున్నాడు. నానమ్మ మొహం నా చెవి వైపు తిరిగింది. ఆమెకి అర్థం కావడానికి క్షణం కూడా పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేది.

"నేనే," అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "నా పాడు కళ్ళు. విత్తనాల బకెట్లోంచి నేనే తీసి పోసుకున్నాను. సంచి ఖాళీ అయిందని నేనే నింపాను. ఆయనకేం తెలీదు."

"అమ్మా," అన్నాడు బాబాయి. ఆయన మొహం పాలిపోయింది. "ఇంతమందిని... ఇంతమంది పిల్లలు ఉన్నారిక్కడ."

"తెలుసురా. నా తప్పే."

"ఇంక నువ్వు ఆ ఇంట్లో ఒక్కదానివీ ఉండటానికి వీల్లేదు. పొయ్యి దగ్గరికే పోవద్దు నువ్వు. సస్కటూన్‌లో పెద్దవాళ్ళని చూసుకునే చోటుంది. రేపే తీసుకెళ్తాను."

"అలాగే," అంది నానమ్మ.

అలాగే అంది. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచి సస్కటూన్‌లో రెండు రోజులుండటానికి కూడా ఒప్పుకోని మనిషి. ఫాదర్ గారు గిన్నె మీద గుడ్డ కప్పారు. ఆశీర్వదించినది కాబట్టి చెత్తలో పారెయ్యడానికి లేదు, చర్చి వెనక గొయ్యి తియ్యాలన్నారు. మగాళ్ళిద్దరు పారల కోసం వెళ్ళారు. జనం కదలడం మొదలుపెట్టారు, నానమ్మకి కాస్త దూరంగా. నా వెనకాల ఎవరో ఆడమనిషి గొణగడం వినపడింది: "కింద క్యాబేజీ చుట్టలు కూడా డోకియా చేసినవేనట. ఎవరూ ముట్టుకోకండి."

నా ఒళ్ళు మండిపోయింది. మా చర్చిలో పెళ్ళయినా చావైనా నానమ్మ చేతి వంట లేకుండా జరగలేదు. ఆ గొణిగినావిడ పెళ్ళికి కూడా ఆ చుట్టలే పెట్టారు, లొట్టలేసుకుంటూ తింది. ఇంక ఈ ముసల్దాని చేతి ముద్ద ఎవరూ ముట్టరు. ఈ నేల మీద, ఈ జనం మధ్య, ఆమెకి ఇంకేం మిగులుతుంది? నాకు నేల మిగులుతుంది. ఆమెకి అది కూడా లేదు.

"నానమ్మ కాదు," అన్నాను. "ఆ సంచి నింపింది తాత. మే నెలలో."

"దీని మాట వినకండి," అంది నానమ్మ. "నన్ను కాపాడాలని అంటోంది."

"ముడి తాతదే బాబాయ్. కింద ఉంది, పోయి చూసుకో. లాయర్ దగ్గరికి వెళ్ళిన నెలే. నువ్వు చెప్పిందే నిజం. మతి పోయింది ఆయనకి. చాలా?"

బాబాయి కిందికి వెళ్ళాడు. అందరం అలాగే నిలబడి ఉన్నాం. స్టెఫ్కా పిన్ని సంచి తగలబెట్టలేదు. ఎందుకని తర్వాత అడిగితే, చేతులు రాలేదే అంది. బాబాయి సంచి పట్టుకుని పైకొచ్చాడు. ముడి మీద బొటనవేలు పెట్టుకుని ఉన్నాడు. గెలిచినవాడి మొహం కాదది.

"దార్కా, జూన్‌లో నేనొచ్చిన రోజు నువ్వు గేటు దగ్గరే ఉన్నావు కదా," అన్నాడు.

ఉన్నాను. ఫాదర్స్ డే అని సీసా ఒకటి పట్టుకుని వచ్చాడు. తాత గేటు దగ్గర నిలబడి, టోపీ తీసి, "ఎవరు కావాలండీ మీకు?" అన్నాడు. బాబాయి నవ్వబోయాడు. తాత మళ్ళీ, "ఇల్లుగలవాళ్ళు పొలానికెళ్ళారండీ, మీరు తర్వాత రండి," అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను నేను. కంపెనీవాళ్ళతో తిరుగుతున్నందుకు కొడుకుని మర్యాదగా చెప్పుతో కొడుతున్నాడనుకుని లోపల సంతోషపడ్డాను కూడా. బాబాయి సీసా గేటు మీద పెట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చింది శవం దగ్గరికే.

"కొడుకు కాదు పొమ్మన్నాడనుకున్నాను," అన్నాడు బాబాయి. "మూడు నెలలు... నాన్న నన్ను అండీ అన్నాడే అని. అంటే ఆయనకి నేనెవరో తెలియలేదా? నిజంగానే తెలియలేదా?"

"తెలియలేదేమో బాబాయ్."

ఆయన అక్కడే బెంచీ మీద కూర్చుని, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని, అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. వేళ్ళకంతా గులాబీ రంగు అంటుకుంది. లాడీ వెళ్ళి ఆయన చేతిలోంచి సంచి మెల్లగా తీసేసుకున్నాడు.

గోధుమలు గోతిలో పోసి పూడ్చాక జనం కిందికి వెళ్ళారు. స్టెఫ్కా పిన్ని అందరికంటే ముందు క్యాబేజీ చుట్టలు రెండు పళ్ళెంలో వేసుకుని, గొణిగినావిడ ఎదురుగా కూర్చుని తింది. నేను తినలేకపోయాను. బాబాయి మెట్ల దగ్గర నన్ను ఆపాడు. కోటు మీద తేనె ఎండిపోయి, దుమ్ము పట్టి ఉంది.

"రేపు లాయర్ దగ్గరికి వెళ్తున్నాను," అన్నాడు. "నేను మారిపోయాననుకోకు. ఆ నేల నాకు రావాలి, కంపెనీకి ఇస్తాను."

"తెలుసు."

"అమ్మని మాత్రం ఇంట్లోంచి కదపను. ఇల్లూ పెరడూ వదిలేస్తాను. ఆమె ఉన్నన్నాళ్ళూ ట్రైలర్‌లో నువ్వూ ఉండు."

"నా ట్రైలర్‌లో ఉండమని నాకు చెబుతున్నావా?" అన్నాను. ఇరవై ఏళ్ళు దున్నిన నేల ఆ మెట్ల మీద పోయింది.

నానమ్మని ట్రక్కు ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. దారికి రెండు వైపులా కోసేసిన పొలాలే. ఆమె ఒడిలో ఖాళీ గిన్నె పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"నీ నేల కోసం అన్నాననుకున్నావా, సంచి నేనే నింపానని?" అంది మా మలుపు దగ్గర.

"మరి?"

"నేల. నేలదేముంది. ఆయన పేరు కోసం అన్నాను. ఇంతమందిలో ఆయన్ని పిచ్చివాణ్ణి చేశావు కదే. నేను సస్కటూన్‌లో ఎలాగోలా చచ్చేదాన్ని. ఆయన బాగుండేవాడు."

"నిన్ను అలా చూస్తుంటే ఊరుకోనా? నీ వంట ముట్టుకోవద్దంటున్నారు నానమ్మా."

"ముట్టుకోకపోతే వాళ్ళకే ఆకలి," అంది.

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ట్రక్కు రోడ్డు పక్కకి తీసి ఆపేశాను. "రోజూ ఆయన పక్కనే ఉన్నానే నేను," అన్నాను. "ఒక్క పని తప్పు చెయ్యలేదు. నట్లు బిగించాడు, గింజ కొరికి చూశాడు, పిట్టల చుట్టూ మిషన్ తిప్పాడు. నాకెలా తెలుస్తుంది? ఎవరికి తెలుస్తుంది?"

నానమ్మ గిన్నె అంచుని తడిమింది.

"పని చేతులకి తెలుసే. చేతులు మర్చిపోవు. నువ్వు చూసింది చేతుల్ని," అంది. "మే నుంచి నన్ను అమ్మా అని పిలిచేవాడు."

"ఎవరు?"

"ఆయనే. పొద్దుగూకేసరికి గుమ్మం దగ్గరికొచ్చి, అమ్మా, ఆవులొచ్చాయా అనేవాడు. మనకి ఆవులెక్కడివి. వచ్చాయిరా, కాళ్ళు కడుక్కుని రా అనేదాన్ని. నువ్వు వినకుండా తలుపేసేదాన్ని. నేను నీ పెళ్ళాన్నయ్యా, డోకియాని అని ఒక్కసారి చెప్పాను. మా అమ్మేదీ, మా అమ్మని ఏం చేశావు అని పిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత ఇంక చెప్పలేదు. నేనే వాళ్ళమ్మని."